తవుడుకి కొన్నామని చెప్పకండి

తెలంగాణలో ఏ అంగన్‌వాడీ కేంద్రానికైనా మధ్యాహ్నం భోజనాల వేళకు వెళ్లి చూడండి. ఒకే గదిలో రెండు వరసలుంటాయి. ఒక వరసలో మూడు నుంచి ఆరేళ్ల లోపు పిల్లలు. ఇంకో వరసలో ఆరోగ్యలక్ష్మి పథకం కింద భోజనానికి వచ్చిన గర్భిణులు, బాలింతలు. 2015 జనవరిలో మొదలైన ఏర్పాటిది. అన్నం, పప్పు, ఉడకబెట్టిన గుడ్డు, గ్లాసుడు పాలు. నెలలు నిండినావిడ ఒక చెయ్యి నేలకు ఆనించి, ఇంకో చెయ్యి నడుముకు పెట్టుకుని మెల్లగా లేస్తుంటే, గుడ్డు కొరకబోతున్న పిల్ల ఆగిపోయి చూస్తుంది. పోషణ మాసం వస్తే అక్కడే సామూహిక సీమంతాలు చేస్తారు. గాజులు తొడుగుతారు, పసుపు కుంకుమ పెడతారు, ఒడి నింపుతారు. కొన్నాళ్లకు ఆ పొట్ట ఉండదు, చంకలో పాపాయి ఉంటుంది. కళ్లెదురుగా ఇంత జరుగుతుంటే పిల్లలు అడక్కుండా ఎలా ఉంటారు? అడుగుతారు. మన దగ్గరున్న జవాబులు నాలుగు: దేవుడిచ్చాడు, ఆస్పత్రిలో కొనుక్కొచ్చారు, పెద్దయ్యాక తెలుస్తుందిలే, నోర్ముయ్. సరదా మనిషెవరైనా పక్కనుంటే ఐదోది కూడా వస్తుంది: ‘నిన్నయితే తవుడుకి కొన్నాం.’

ఈ తవుడు మాటకు ఒక చరిత్ర ఉంది. పుట్టిన బిడ్డ పుట్టినట్టే పోతున్న ఇళ్లలో, ఆ తర్వాత పుట్టిన బిడ్డను పెంటకుప్ప మీద పడుకోబెట్టి దొరికినట్టు తెచ్చుకోవడం, ఇంకొకరి చేతికిచ్చి చారెడు తవుడు పోసి కొనుక్కోవడం మన పల్లెల్లో ఉండేది. విలువలేని బిడ్డ అనుకుంటే మృత్యువు కన్ను పడదని ఆశ. తవిటయ్య, తవిటమ్మ, పెంటయ్య, పెంటమ్మ, బిక్షమయ్య వంటి పేర్ల వెనక ఉన్నది ఆ భయమే. భయం పోయింది, ఎకసెక్కం మిగిలింది. అమ్మ కొంగు పట్టుకుని నిలబడ్డ పిల్లకు అది ఒక్క క్షణం గుండె జారి, మరుక్షణం నవ్వొచ్చే మాట కావచ్చు. కానీ ఆ మాట వినేది ఆ పిల్ల ఒక్కతే కాదు. 2023-24లో దేశంలో నాలుగు వేల మందికి పైగా పిల్లలు కేంద్ర దత్తత సంస్థ ‘కారా’ ద్వారా చట్టప్రకారం కొత్త ఇళ్లకు వెళ్లారు. అక్క కూతుర్నో తమ్ముడి కొడుకునో తెచ్చి పెంచుకునే పెంపకాలు ఏ లెక్కకూ ఎక్కవు. దేవరకొండ చుట్టుపక్కల తండాల నుంచి ఆడశిశువుల అమ్మకాలు బయటపడి పాతికేళ్లయింది. ఆ నేల మీద ‘కొన్నాం’ అన్నది ఎప్పుడూ జోకు కాలేదు. పిల్లలెలా పుడతారన్న ప్రశ్నకు జవాబు పసివాళ్ల వయసుకు తగ్గట్టు ఉండాలని అందరూ ఒప్పుకుంటారు. దానికి ఇంకో షరతు చేర్చాలని నా వాదన: ఆ జవాబు ఆ గదిలో కూర్చున్న ప్రతి పిల్ల విషయంలోనూ నిజం కావాలి.

తవుడు జోకు తప్పని ఒప్పించడం తేలికే. అసలు చిక్కు మర్యాదగా వినిపించే జవాబుతో ఉంది. ‘అమ్మా నాన్నా పెళ్లి చేసుకున్నారు, ఒకరంటే ఒకరికి చాలా ఇష్టం, అందుకని నువ్వు పుట్టావు.’ చదువుకున్న ఇళ్లలో, ఇంగ్లీషు మీడియం కిండర్‌గార్టెన్లలో ఇదే చెబుతారు. వినడానికి ముచ్చటగానే ఉంటుంది. కానీ ఇందులో బిడ్డ ఎలా తయారైందన్న సంగతి ఒక్క ముక్క లేదు. ఉన్నదంతా పెళ్లి గురించి మన అభిప్రాయం. తల్లి ఒక్కతే పెంచుతున్న పిల్లకు, కోర్టు చుట్టూ తిరుగుతున్న దంపతుల పిల్లాడికి ఈ జవాబులో చోటు లేదు. సంతాన సాఫల్య కేంద్రంలో ప్రాణం పోసుకున్న బిడ్డకు సగం చోటే ఉంది. ఇంకో ఇబ్బంది ఎవరూ గమనించరు. పిల్లలు తర్కంలో మనకంటే నిక్కచ్చిగా ఉంటారు. ఇష్టం ఉంటే పాపాయి పుడుతుందని చెబితే, పెళ్లయి పదేళ్లయినా పిల్లల్లేని పిన్ని దగ్గరికి వెళ్లి, ‘నీకు బాబాయంటే ఇష్టం లేదా?’ అని అడుగుతారు. పిల్ల తప్పేం లేదు, మనం చెప్పిన సూత్రాన్నే అప్పగించింది.

ఈ జవాబు తప్పడానికి కారణం, మూడు వేర్వేరు సంగతుల్ని ఒకే ముడి వేయడం. మనిషి శరీరం ఎలా తయారవుతుందన్నది ఒకటి. ఫలానా బిడ్డ ఈ లోకంలోకి ఎలా వచ్చిందన్నది ఇంకొకటి. ఆ బిడ్డ కోసం ఎవరు ఎదురుచూశారు, ఎవరు పెంచుతున్నారన్నది మూడోది. మొదటిది అందరికీ ఒక్కటే. మిగతా రెండూ ఇంటికో రకం. ఈ ముడి విప్పితే చాలు, సగం ఇబ్బంది తీరుతుంది.

మొదటి సంగతి చెప్పడానికి తెలుగులో మనకో చిన్న చిక్కు ఉంది. కడుపు నిండా తిన్నానంటాం, ఫలానా అమ్మాయి కడుపుతో ఉందంటాం. రెండూ ఒకే కడుపు. దాంతో అమ్మ పాపాయిని మింగేసిందని, పప్పన్నంలో తడిసి ముద్దయిపోతోందని ఊహించుకునే పిల్లలుంటారు. అందుకు మందు మన దగ్గరే ఉంది: గర్భసంచి. సంచి అంటే ఏమిటో మూడేళ్ల పిల్లకు తెలుసు. పైగా ఆ మాట వాళ్లకు కొత్తేమీ కాదు. గర్భసంచి తీసేయించుకున్న ఆడవాళ్ల శాతం దేశంలో అత్యధికంగా ఉన్నది ఆంధ్రప్రదేశ్, తెలంగాణల్లోనే అని జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలు చెబుతున్నాయి. అమ్మమ్మలు ఆ ఆపరేషన్ గురించి చెప్పుకుంటుంటే పక్కనే ఆడుకుంటూ విన్న మాటే అది. (అన్ని గర్భసంచులు ఎందుకు తీసేశారన్నది వేరే వ్యాసం.) అన్నం ఉండే చోటు వేరు, పాపాయి పెరిగే చోటు వేరు, దాన్ని గర్భసంచి అంటారు అని చెబితే పిల్ల బుర్రలో పెద్ద ముడి ఒకటి విడిపోతుంది.

గుడ్డు మాట దగ్గర మాత్రం జాగ్రత్త పడాలి. ప్లేట్లో ఉడకబెట్టిన గుడ్డు పెట్టుకుని కూర్చున్న పిల్లతో ఆడవాళ్ల లోపల గుడ్డు ఉంటుందంటే, ఆ పిల్ల ముందు తన ప్లేటు వైపు చూస్తుంది. పిల్లలకు పోలికలు పోలికల్లా అందవు, వస్తువుల్లా అందుతాయి. అమెరికా మనస్తత్వవేత్తలు ఆన్ బెర్న్‌స్టీన్, ఫిలిప్ కోవన్ మూడేళ్ల నుంచి పన్నెండేళ్ల వరకు పిల్లలతో మాట్లాడి 1975లో ప్రచురించిన పరిశోధన ఇదే చూపించింది. మరీ చిన్నవాళ్ల దృష్టిలో పాపాయి ఎప్పుడూ ఎక్కడో ఒకచోట ఉంటుంది, ఎక్కడన్నదే వాళ్ల ప్రశ్న. కాస్త పెద్దయితే బొమ్మను చేసినట్టు ఎవరో చేశారనుకుంటారు. పెద్దలు ఏం చెప్పినా, చెప్పకపోయినా, తమ వయసుకు అందే కథను వాళ్లే అల్లుకుంటారు. కాబట్టి మనం ఊరుకుంటే పిల్ల బుర్ర ఖాళీగా ఉండదు, తప్పులతో నిండుతుంది. చెప్పాల్సింది కొంచెమే: ఒక ఆడమనిషి శరీరంలోంచి ఒక చిన్న కణం, ఒక మగమనిషి శరీరంలోంచి ఇంకా చిన్న కణం కలిసి ఒకటవుతాయి. ఎంత చిన్నవంటే, అమ్మ మసాలాలో వేసే గసగసాల గింజలో పదో వంతు కూడా ఉండవు. అది గర్భసంచిలో తొమ్మిది నెలలు పెరుగుతుంది. తిండి బొడ్డుతాడు గుండా అందుతుంది. నీ బొడ్డు చూసుకో, ఆ తాడు ఉన్న గుర్తే అది.

ఇక్కడ ‘నాన్న విత్తనం నాటాడు’ అనే పోలికను వదిలేయమంటాను. పెద్దమనిషి తరహా పోలికే, మన పొలాల భాషే, కానీ శుద్ధ తప్పు. విత్తనంలో మొక్క మొత్తం ఉంటుంది, నేల ఇచ్చేది నీరూ సారమూ మాత్రమే. అలా చూస్తే బిడ్డంతా నాన్నదే, అమ్మ మడి చెక్క. ఈ బీజ క్షేత్ర న్యాయం మన ధర్మశాస్త్రాల్లో ఎలా పాతుకుపోయిందో, పిల్లల మీద, ఆస్తి మీద మగవాడి హక్కుకు అదెలా ఊతమైందో సామాజిక శాస్త్రవేత్త లీలా దూబే 1986లో వివరంగా రాశారు. క్షీరదాల అండాన్ని ఫాన్ బేయర్ సూక్ష్మదర్శినిలో చూసి చెప్పింది 1827లో. దాదాపు రెండు వందల ఏళ్లయినా మనం పిల్లలకు పాత లెక్కే అప్పజెబుతున్నాం. అదే పిల్ల పెద్దయ్యాక, ఆడపిల్లను కన్నందుకు కోడలిని ఆడిపోసుకునే ఇంట్లో ఏం మాట్లాడుతుందన్నది ఇప్పుడు మనం వాడే పోలిక మీద కొంతైనా ఆధారపడి ఉంటుంది.

ఇక రెండో సంగతి, బిడ్డ బయటికి వచ్చే తీరు. ‘నార్మలా, ఆపరేషనా?’ అని అడగడం మనకు ఎంత అలవాటైందంటే, అందులో ఒకటి మామూలు, రెండోది మామూలు కానిది అని తీర్పు ఇస్తున్నట్టు తోచదు. 2019-21 కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణ కాన్పుల్లో 60.7 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 42.4 శాతం సిజేరియన్లు. దేశం మొత్తం మీద 21.5 శాతమే. ఇన్ని కోతలు అవసరమా అని ప్రభుత్వాల్నీ ఆస్పత్రుల్నీ నిలదీయాల్సిందే. కానీ కోత గుండా వచ్చిన బిడ్డ ఏం పాపం చేసింది? తెలంగాణలో ఒకటో తరగతి గదిలో కూర్చున్నవాళ్లలో సగానికి పైగా ‘నార్మల్’ కాని వాళ్లేనన్నమాట. కొందరు పాపాయిలు పుట్టడానికని అమ్మ శరీరంలో ఉన్న దారి గుండా వస్తారు, కొందరిని డాక్టరు పొట్ట కోసి బయటికి తీసి మళ్లీ కుడతారు అంటే సరిపోతుంది. ఆ కణాలు శరీరం లోపల కలవచ్చు, డాక్టరు దగ్గర గాజుపాత్రలోనూ కలవచ్చు అన్నది కూడా అంతే తేలిగ్గా చెప్పొచ్చు. కోల్‌కతాలో డాక్టర్ సుభాష్ ముఖర్జీ కృషితో దేశపు తొలి టెస్ట్‌ట్యూబ్ బేబీ 1978 అక్టోబరులోనే పుట్టింది. ఆవిడ తరం పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులు. ఇంకా గుసగుసలెందుకు?

మూడో సంగతి దగ్గరికి వచ్చేసరికి పెద్దలకు గొంతు పెగలదు. దత్తత, దాత కణాలు, సరోగసీ వంటివి పిల్లకు తెలిస్తే మనసు విరిగిపోతుందని భయం. కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో సూజన్ గోలంబాక్ బృందం దాత అండంతోనో దాత వీర్యంతోనో సరోగసీతోనో పిల్లల్ని కన్న 65 బ్రిటిష్ కుటుంబాలను, ఆ పిల్లలకు ఇరవై ఏళ్లు వచ్చేదాకా వెంబడించి చూసింది. 2023లో వెలువడిన ఫలితాల్లో, మామూలుగా పుట్టిన పిల్లల కుటుంబాలకూ వీళ్లకూ చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు. తేడా ఉన్న చోట, తమ పుట్టుక సంగతి ఏడేళ్ల లోపే తెలిసిన పిల్లలకు తల్లితో సంబంధం మెరుగ్గా ఉంది. చిన్న అధ్యయనం, వేరే దేశం, దీన్ని మన మీద అచ్చుగుద్దినట్టు పెట్టలేం. అయినా దాచిపెట్టడమే క్షేమమన్న మన నమ్మకానికి ఆమాత్రం ఆధారమైనా లేదు. పెళ్లి పందిట్లో ఎవరో బంధువు నోరు జారి చెప్పగా పదహారేళ్లకు తెలుసుకోవడం కంటే, ఎప్పుడు తెలిసిందో గుర్తు లేనంత చిన్నతనంలోనే తెలిసి ఉండటం నయం కాదా?

ఇదంతా పాశ్చాత్యుల పైత్యం అనేవాళ్లుంటారు. కెనడాలో పెరిగిన రచయిత కోరీ సిల్వర్‌బర్గ్ 2012లో జనం చందాలతో అచ్చేసి, మరుసటి ఏడాది ప్రచురణ సంస్థ ద్వారా తెచ్చిన ‘వాట్ మేక్స్ ఎ బేబీ’ అనే బొమ్మల పుస్తకం ఈ రకం జవాబుకు పేరుపొందింది. అందులో అమ్మ, నాన్న అన్న మాటల జోలికి పోకుండా, కొందరి శరీరాల్లో ఇదుంటుంది, కొందరి శరీరాల్లో అదుంటుంది అని చెప్పుకొస్తారు. ఆ పద్ధతిని యథాతథంగా దించుకోవడం నాకూ ఇష్టం లేదు. తెలుగు పిల్లకు లోకంలో మొదట అందే మాటల్ని కథలోంచి తీసేయడం ఎవరికీ మేలు చేయదు. తీసేయక్కర్లేదు కూడా. ఒకటి చేర్చుకుంటే చాలు, ఆ చేర్పు మన భాషలో ఎప్పటినుంచో ఉంది. కన్నతల్లి, పెంచినతల్లి అని రెండు మాటలు పెట్టుకున్నవాళ్లం మనం. కన్న దేవకికి దణ్ణం పెట్టి, వెన్నముద్దల కథలన్నీ యశోద ఇంట్లో చెప్పుకుంటాం. బలరాముడు ఒక తల్లి గర్భం నుంచి ఇంకో తల్లి గర్భానికి మారినవాడు. ద్రోణుడు కుండలో, కౌరవులు నేతి కుండల్లో, సీత నాగేటి చాలులో, మాంధాత ఏకంగా తండ్రి కడుపులోంచి. వీటిని పట్టుకుని ఆనాడే టెస్ట్‌ట్యూబ్ విద్య ఉందని 2019 సైన్స్ కాంగ్రెస్‌లో మన ఆంధ్ర విశ్వవిద్యాలయం అప్పటి ఉపకులపతే చెప్పి నవ్వులపాలయ్యారు. అవి సైన్సు కావు. కానీ ఎవరెలా పుట్టినా ఆ కారణంగా కథలోంచి వెలివేయకూడదన్న పెద్దమనసు వాటిలో ఉంది. ద్రోణుడి పుట్టుక విని ఏ పిల్లా తికమకపడలేదు. ఒంటరి మహిళ దత్తత తీసుకుందంటే, డాలస్‌లో చదివే మనవడు తన క్లాసులో ఒకడికి ఇద్దరమ్మలని వీడియో కాల్‌లో చెబితే, తికమకపడేది తాతయ్యే.

అసలు ఇంత చిన్నవాళ్లకా అన్నది అన్నిటికంటే బలమైన అభ్యంతరం. వెంకయ్య నాయుడు అధ్యక్షతన రాజ్యసభ పిటిషన్ల కమిటీ 2009లో బడుల్లో లైంగిక విద్య వద్దంది. అలాంటి పాఠాలేవైనా ప్లస్ టూ స్థాయికి ముందు జీవశాస్త్రంలో కూడా రాకూడదంది. సరిగ్గా అదే ఏడాది యునెస్కో మార్గదర్శకాలు వెలువడ్డాయి. 2018లో సవరించిన ప్రతి, రెండు కణాల కలయికతో గర్భం మొదలవుతుందన్న సంగతి ఐదు నుంచి ఎనిమిదేళ్ల పిల్లలకు తెలియాలంటుంది. కమిటీ భయం కౌమారంలో ఉన్నవాళ్ల గురించి, అది వేరే చర్చ. నాలుగేళ్ల పిల్ల అడిగేది మంచం గురించి కాదు, తన గురించి. ఆ ప్రశ్నలో బూతు వెతికేది మనం. పసితనం చెడుతుందనే వాళ్లు ఇంకో లెక్క కూడా చూడాలి. కేంద్ర మహిళా శిశు సంక్షేమ శాఖ 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడి 2007లో ఇచ్చిన నివేదికలో 53 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదురైందన్నారు. ఎక్కువగా నమోదైన రాష్ట్రాల్లో అప్పటి ఆంధ్రప్రదేశ్ ఒకటి. చేసినవాళ్లలో చాలామంది తెలిసినవాళ్లే. మనమేమో నిక్కరు జారిన పిల్లాణ్ని చూసి ‘షేమ్ షేమ్’ అని చప్పట్లు కొడతాం. ఒంట్లో ఒక భాగానికి సిగ్గు తప్ప వేరే పేరు తెలియని పిల్ల, అక్కడ ఎవరో చెయ్యి వేశారని ఏ మాటతో చెబుతుంది? 2012 నాటి పోక్సో చట్టం ఎంత గట్టిదైనా, మొదలవ్వాల్సింది ఆ పిల్ల నోట్లోంచే.

ఇది ఇంట్లో చెప్పాల్సిన సంగతి, బడికీ అంగన్‌వాడీ టీచరుకూ ఏం పని అంటే, నిజమే, ఇల్లే ముందు. ఇప్పటికే రిజిస్టర్లు, యాప్‌లు, ఎన్నికల డ్యూటీలతో సతమతమయ్యే టీచరు నెత్తిన ఇంకో పాఠం రుద్దమని అనడం లేదు. ఆమె అడిగించుకుంటూనే ఉంది, జవాబు ఏదో ఒకటి ఇస్తూనే ఉంది. ఆ జవాబు సరైనదై ఉండాలన్నదే కోరిక. ఒక్క హెచ్చరిక మాత్రం ఉంది. అందరినీ కలుపుకోవడమంటే దత్తత వచ్చిన పిల్లను లేపి నిలబెట్టి ఉదాహరణగా చూపించడం కాదు. ఆ పిల్ల కథ ఆ పిల్లది, చెప్పాలో వద్దో ఎప్పుడు చెప్పాలో ఆమె ఇష్టం. ‘పుట్టినప్పటి ఫొటో తెచ్చి చార్టు మీద అంటించండి’ అని ఒకటో తరగతిలో ఇచ్చే ప్రాజెక్టు కూడా ఇలాంటిదే. రెండేళ్లప్పుడు శిశుగృహ నుంచి ఇంటికొచ్చిన పిల్ల దగ్గర ఆ ఫొటో ఉండదు. ‘మీ చిన్నప్పటి ఫొటో’ అని రెండు మాటలు మారిస్తే అందరి చార్టులూ నిండుతాయి.

దేవుడి సంగతేమిటని పెద్దవాళ్లు అడుగుతారు. దేవుడిచ్చాడన్న మాటను ఇంట్లోంచి తరమాల్సిన పని లేదు. అది ప్రశ్నను నొక్కేయడానికి వాడినప్పుడే ఇబ్బంది. కణాలూ గర్భసంచీ బొడ్డుతాడూ అన్నీ విన్నాక కాస్త చురుకైన పిల్ల అక్కడితో ఆగదు. బొడ్డులో వేలు పెట్టుకుని, ‘మరి ఆ కణాలు కలవకముందు నేనెక్కడున్నాను?’ అంటుంది. దానికి జీవశాస్త్రం దగ్గర జవాబు లేదు. అప్పుడు నానమ్మను పిలవచ్చు.